పద్నాలుగో అంతస్తులో పన్నెండో కంచం

రోజు 96

అంతస్తు పుస్తకంలో నీరు, లిఫ్టు, ఫిర్యాదులు, ఈ మూడే రాయాలని అట్ట మీద అచ్చేసి ఉంది. సరే, రాస్తున్నాను. నీరు: పొద్దున నలభై నిమిషాలు వచ్చింది. లిఫ్టు: పనిచెయ్యడం లేదు. ఫిర్యాదులు: ఇవాళ ఒక్కటే ఉంది గాని, అది ఇక్కడ ఇచ్చిన మూడు గీతల్లో పట్టేది కాదు. మిగతా పేజీ కూడా నేనే వాడుకుంటున్నాను. అభ్యంతరం ఉన్నవాళ్ళు పద్నాలుగు అంతస్తులూ మెట్లెక్కి వచ్చి చెప్పవచ్చు.

నా పేరు వీరవేణి. ఎగువతీరం కాలనీ, ఏడో బ్లాకు, 1409. సముద్రం మా లంకలన్నీ మింగేశాక, ఈ కొండల మీద సర్కారు కట్టిన బ్లాకుల్లో ఒక్క గది కోసం రేకుల శిబిరంలో పదకొండేళ్ళు కాచుకున్నాను. గది చిన్నదే. మంచం, కిటికీ, ఒక అలమర. తలుపేసుకుంటే మాత్రం అదంతా నాది. పోయినేడాది అందరూ కలిసి నన్ను ఈ అంతస్తుకు రాతమనిషిని చేశారు, నా దస్తూరీ బాగుంటుందని. నిజానికి ఆ మీటింగుకి నేను వెళ్ళలేదు, అందుకే నా నెత్తిన పడింది.

పొద్దున నోటీసు వచ్చింది. మా అంతస్తులో పదహారు ఇళ్ళుంటే, వాటిలో పది ‘నిద్రపోతున్న ఇళ్ళు’ అట. అంటే ఎవరూ కాపురం లేనివి. వాటిని వెనక్కి తీసుకుని వరసలో ఉన్నవాళ్ళకి ఇస్తారట. జాబితాలో మొదటిది 1409. ఆ నోటీసును నేను 1409లోనే, నా మంచం మీద కూర్చుని చదివాను.

ఇదంతా బల్లి చేసిన నిర్వాకం. బల్లి అంటే నిజం బల్లి కాదు. రెండు నెలల కిందట ప్రతి ఇంటి కప్పుకీ ఒక బుడ్డి యంత్రం అతికించి వెళ్ళారు. సాయంత్రం భోజనాల వేళ ఎవరు ఏ ఇంట్లో కూర్చుని అన్నం తిన్నారో చూసి టిక్కుమంటుంది. నెలలో ఇరవై రోజులు ఎక్కడ తింటే అదే నీ ఇల్లు. పూర్వం ఉన్నవాళ్ళు ఇళ్ళు కొని తాళాలు వేసి ఉంచేవారు, లేనివాళ్ళు ఆ తాళాలు చూస్తూ రోడ్డు మీద పడుకునేవారు. అది ఆపడానికే ఈ చట్టం. పడుకునే చోటే ఇల్లు అనడానికి వీల్లేదు, సగం ఊరు రాత్రి షిఫ్టులో ఉంటుంది. తిండి మాత్రం అందరూ తింటారు కదా అని ఇలా పెట్టారు. మంచి చట్టమే. నాకీ గది దాని పుణ్యమే. కాకపోతే దాన్ని రాసినవాళ్ళకి మా అబ్బులు గారి సంగతి తెలియదు.

అబ్బులు గారిది 1411. లంకల్లో పెళ్ళిళ్ళకు వండిన మనిషి. ఒక్కడి కోసం వండుకోవడం ఆయనకు రాదు. ఈ బ్లాకుకి వచ్చిన కొత్తలో గుప్పెడు పప్పు పొయ్యి మీద పెడితే ఒకరోజు మాడిందట, ఒకరోజు ఉడకలేదట. వారం ఓపిక పట్టి, తర్వాత తలుపు తలుపూ తట్టాడు. “పదిమందికి తక్కువైతే నా చెయ్యి పనిచెయ్యదండి. కాస్త వచ్చి తినిపెట్టండి బాబూ” అని బతిమాలాడు. మేం పదిమందిమీ ఒంటిగాళ్ళమే. ఎవరి రేషను వాళ్ళం ఆయన డబ్బాల్లో పోసి, రెండేళ్ళుగా అక్కడే తింటున్నాం.

కాబట్టి బల్లి లెక్కలో ఆయన ఒక్క గదిలో పదకొండుమంది కాపురం. మా పది గదులూ నిద్రపోతున్నాయి.

రోజు 102

నీరు: రాలేదు. లిఫ్టు: అడక్కండి.

పదిమందిమీ అర్జీలు పెట్టాం. అర్జీలో ‘మీరు ఎక్కడ నివసిస్తున్నారు’ అనే ప్రశ్న లేదు. ‘ఎక్కడ తిన్నారు’ అని ఉంది. ఏం రాయమంటారు?

అందాకా జాగ్రత్తగా ఉందామని నేనే ఒక ఉపాయం చెప్పాను. అబ్బులు గారు వండుతారు, మనం క్యారేజీల్లో పెట్టించుకుని ఎవరింటికి వాళ్ళం పోయి తిందాం అని. అందరూ బుర్రలూపారు. మొదటిరోజు బుద్ధిగా పోయి తిన్నారు. రెండోరోజు 1403 రంగనాయకి తలుపు తీసుకుని గడప మీద కూర్చుని, పక్కింటి ఆవిడతో మాట్లాడుతూ తింది. మూడోరోజు నేను క్యారేజీ విప్పుకుని ఒక్కదాన్నే గోడకేసి చూస్తూ రెండు ముద్దలు తిన్నాను, మూడోది దిగలేదు. నీళ్ళ కోసమని 1411కి వెళ్ళి చూస్తే, తొమ్మిదిమందీ తొమ్మిది క్యారేజీలు ముందేసుకుని అక్కడే కూర్చుని ఉన్నారు.

“సిగ్గులేదూ మీకు? ఇళ్ళు పోతాయి!” అని అరిచాను.

“నీ చేతిలో ఏంటి వేణమ్మా?” అన్నాడు అబ్బులు గారు.

నా చేతిలో క్యారేజీ ఉంది. నీళ్ళకి వెళ్తూ క్యారేజీ ఎందుకు పట్టుకెళ్ళానో నాకే తెలియదు. బల్లి టిక్కుమంది.

రోజు 104

పరిశీలకుడు వచ్చాడు. పేరు విశ్వేశ్వరం. నివాస న్యాయ కార్యాలయంలో పెద్ద ఉద్యోగమట. మెట్లెక్కి వచ్చేసరికి మనిషి రంగు మారిపోయాడు. కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చాను. ముప్పై రోజుల పాటు రోజూ భోజనాల వేళకి వచ్చి 1411లో కూర్చుంటాడట. అంతా చూసి, అర్జీల మీద తీర్పు రాస్తాడట.

“అయ్యా, ఇవాళ్టి నుంచే ఎవరింట్లో వాళ్ళం తింటాం. కేసు కొట్టేస్తారా?” అని అడిగాను.

“కూడదు. ఇప్పుడు అలవాటు మారిస్తే ఆధారాలు తారుమారు చేసినట్టవుతుంది. ఇన్నాళ్ళూ ఎలా తిన్నారో అలాగే తినాలి.”

అంటే ఏ పని చేసినందుకు ఇల్లు లాక్కుంటున్నారో, ఆ పని ముప్పై రోజులు మానకుండా చెయ్యాలి. నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

మనిషి చెడ్డవాడని అనలేను. ఆ చట్టం రాసినవాళ్ళలో తనూ ఉన్నానని చెప్పుకుని మురిసిపోయాడు. “ఇందులో మినహాయింపుల పేజీ లేదండీ. కావాలనే పెట్టలేదు. మంత్రికైనా మేస్త్రీకైనా ఒకటే కొలత. ఇంకో ముక్క కూడా నేనే రాశాను. ఇల్లు లేనివాళ్ళకి ఒకసారి ఇల్లిచ్చాక, తర్వాత రూలు మారిందని వెనక్కి తీసుకోకూడదు.”

“చాలా బాగా రాశారు. నా ఇల్లు పోయాక ఇక తిరిగి రాదన్నమాట” అన్నాను.

ఆయన దగ్గరున్న ఫారంలో రెండే గళ్ళు. తిన్నారు, తినలేదు. నా మంచం, నా అలమర, దండెం మీద ఆరేసిన నా చీరలు కళ్ళారా చూసి కూడా, వాటిని రాయడానికి గడి లేదన్నాడు.

రోజు 108

విశ్వేశ్వరం గారు నాలుగు రోజులుగా 1411లో మూల కుర్చీలో కూర్చుని, మా కంచాలు చూస్తూ, సంచిలోంచి బిస్కట్లు తీసి కొరుక్కుంటున్నాడు. దానికి అబ్బులు గారు పడుతున్న బాధ చూడలేకపోతున్నాం. నిన్న పులుసులో ఉప్పు వెయ్యడం మర్చిపోయాడు. ఆయన జన్మలో ఎప్పుడూ జరగలేదది.

“ఎదర ఓ మడిసి పస్తు కూర్చుంటే ఎలా వండమంటారండి?” అని నా మీద పడ్డాడు, అదేదో నా తప్పయినట్టు.

ఇవాళ అడగడం మానేసి, కంచం పెట్టి తోటకూర పప్పు వడ్డించేశాడు. విశ్వేశ్వరం గారు చెయ్యి అడ్డం పెట్టి, “నేను పరిశీలనకి వచ్చానండీ” అన్నాడు.

“ఆయ్, అదేనండి. రుచి సూడకుండా ఏం పరిశీలిస్తారండి? కాస్త నెయ్యి ఎయ్యమంటారా?”

ఆ మనిషి ఒక ముద్ద తిన్నాడు. తర్వాత ఎవరూ అడక్కుండానే కుర్చీ దిగి కింద మా పక్కన కూర్చున్నాడు. మూడుసార్లు పెట్టించుకున్నాడు. బిస్కట్ల సంచి ఇంకా మూలనే ఉంది.

లిఫ్టు: పనిచెయ్యడం లేదు.

రోజు 115

1409 తలుపు తట్టిన చప్పుడయితే తీశాను. ముప్పై ఏళ్ళ అమ్మాయి, చంకలో చంటిపిల్ల, చేతిలో కాగితం. పేరు సువార్త. జాబితాలో మొదటిది కాబట్టి ముందుగా నా ఇల్లు ఆమెకి ఇచ్చారట. ఏడాదిలో నూట ముప్పై ఆరో రోజున తాళాలు అప్పగించాలట.

నేను నోటికొచ్చినట్టు తిట్టాను. ఆమె కదలకుండా విని, చంటిదాన్ని ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుంది. “మీ ఇల్లే ఇమ్మని నేనడిగేనా అమ్మా? కాయితం ఒచ్చింది, ఒచ్చేను. ఆరేళ్ళయిందండి రేకుల కింద. ఎండకి దీని ఒళ్ళంతా పొక్కులు సూడండి.”

చూశాను. చూడకుండా ఉంటే బాగుండేది. అవే రేకుల కింద నేను పదకొండేళ్ళు ఉన్నాను, ఆ పొక్కులు నాకు తెలుసు. లోపలికి రమ్మని గది చూపించాను. అయిదుగురట వాళ్ళు. మొగుడు, అత్తగారు, ఇద్దరు కూతుళ్ళు, తను.

“ఈ గదిలో అయిదుగురు ఎలా పడతారే?” అన్నాను.

“మూడు గదులది ఖాళీ అయ్యేదాకా ఇక్కడ సర్దుకోమన్నారండి. ఎప్పుడు ఖాళీ అవుద్దో ఏంటో.” కిటికీ పక్క గోడని జానలతో కొలిచింది. అక్కడ ఉయ్యాల వేస్తుందట. అక్కడ నా మంచం ఉంది.

ఇంతలో భోజనాల వేళయింది. అబ్బులు గారు తలుపు దగ్గరకొచ్చి, ఎవరు, ఏమిటి అని అడక్కుండా “రామ్మా, పిల్లకి పాలన్నం కలుపుతాను” అని తీసుకుపోయాడు. నా ఇల్లు తీసుకోబోతున్న మనిషికి నేనే గుమ్మడికాయ పులుసు వడ్డించాను. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక ఆ కోపమంతా గరిటె మీద చూపించాను.

రోజు 119

బల్లి లెక్కల చీటీ రోజూ పొద్దున్నే వస్తుంది. నేను చదవకుండా మేకుకి గుచ్చుతాను. ఇవాళ తీర్పుకి పనికొచ్చేదేమైనా దొరుకుతుందేమోనని కట్టంతా దించి చదివాను. 1411లో పన్నెండుమంది అని ఉంది. మేం పదకొండుమందిమి. సువార్త ఒక్కరోజే తిన్నది. మరి పన్నెండో మనిషెవరు?

కట్ట వెనక్కి తిప్పుకుంటూ పోతే నూట ఎనిమిదో రోజున ఆ లెక్క మొదలైంది. తోటకూర పప్పు రోజు.

మొదట పగలబడి నవ్వాను. తర్వాత నవ్వు ఆగిపోయింది. ఆయన రోజూ ఇక్కడే తింటున్నాడు కాబట్టి ఆయన ఇల్లు నిద్రపోతోంది. చెప్పాలా వద్దా? ఇల్లు పోతుందంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు. చెప్పాలనే అనుకున్నాను. అబ్బులు గారు వద్దన్నాడు. “తినే మడిసి దగ్గర ముద్దలు లెక్కేస్తారా వేణమ్మా? ఇంక ఆయన ముద్ద ముడతారా?”

అయినా భోజనాలయ్యాక విశ్వేశ్వరం గారిని మెట్ల దగ్గర ఆపి, “బల్లి లెక్కలో ఒక తేడా ఉందండీ, ఆ పన్నెండో మనిషి...” అని మొదలుపెట్టాను.

ఆయన చెయ్యెత్తాడు. “వీరవేణి గారూ, కేసు నడుస్తుండగా లెక్కల గురించి నాతో నోటిమాటగా మాట్లాడకూడదు. రాతపూర్వకంగా కార్యాలయానికి పంపండి. ఇరవై పనిదినాల్లో చూస్తారు.”

“మీ గురించేనండీ.”

“ఎవరి గురించైనా సరే. మినహాయింపులు లేవు.”

సరే అని రాసి పంపాను. రసీదు ఈ పేజీకే గుచ్చాను. రేపు నన్నెవరూ అనడానికి లేదు.

రోజు 127

నీరు: వచ్చింది. బట్టలుతికి మడతపెట్టాను. అలమర సగం పెట్టెలోకి ఖాళీ చేశాను. గోడకున్న మేకులు పీకాలా, సువార్తకి పనికొస్తాయని వదిలెయ్యాలా అని ఆలోచిస్తూ కూర్చుని ఏడ్చాను. పదకొండేళ్ళు శిబిరంలో ఏడవనిదాన్ని, నాలుగు మేకుల దగ్గర ఏడ్చాను.

భోజనానికి పిలవడానికి వచ్చిన విశ్వేశ్వరం గారు గుమ్మంలోంచి పెట్టె చూశాడు. (అవును, ఇప్పుడు మమ్మల్ని భోజనానికి ఆయనే పిలుస్తున్నాడు.) “నా చేతిలో ఏమీ లేదండీ. మీరు ఇక్కడే ఉంటున్నారని నాకు తెలుసు. ఫారంలో...”

“గడి లేదు. తెలుసు. పదండి, చారు చల్లారిపోతుంది.”

రోజు 134

నీరు, లిఫ్టు సంగతి తర్వాత.

మధ్యాహ్నం నెల లెక్క తేలింది. ఊళ్ళో కొత్తగా నిద్రపోతున్న ఇల్లు: మొదటి బ్లాకు, కొండ పైన, మూడు గదుల ఉద్యోగుల నివాసం. అందులో ఉండాల్సిన ఒంటరి మనిషి ఇరవై ఆరు రోజులు ఏడో బ్లాకు 1411లో భోంచేశాడు. మూడు గదులు ఖాళీ అయ్యాయి కాబట్టి, వరసలో ముందున్న అయిదుగురి కుటుంబానికి అప్పటికప్పుడే రాసిచ్చేశారు. సువార్త పేరున్న 1409 కాగితం రద్దు. మరొకరి పేరు పడేదాకా నా గది జోలికి ఎవరూ రారు.

ఆ కబురు సువార్తే చెప్పింది. పద్నాలుగు అంతస్తులూ పరుగున ఎక్కి వచ్చింది. రొప్పుతూనే రద్దయిన కాగితం నా చేతిలో పెట్టి నా భుజం మీద పడి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. తర్వాత వెళ్ళి పెట్టెలోంచి చీరలు తీసి మళ్ళీ అలమరలో సర్దాను.

సాయంత్రం అదే వేళకి విశ్వేశ్వరం గారు వచ్చాడు. ఈసారి చేతిలో ఫారం లేదు, ట్రంకుపెట్టె ఉంది. మొహం చూస్తే తిట్టబుద్ధి కాలేదు, అయినా ఆగలేక, “రాసి పంపానండీ” అన్నాను.

“రసీదుందా?” అన్నాడు నీరసంగా.

ఉందన్నాను.

“ఒంటిగాణ్ణి. నాకు మూడు గదులెందుకని ఎప్పుడూ అనుకోలేదండీ” అన్నాడు. పెట్టె మీదే కూర్చుండిపోయాడు.

అబ్బులు గారు లోపలి నుంచి కేకేశాడు. “పెట్టె అక్కడెట్టి కాళ్ళు కడుక్కోండి బాబూ, వడ్డించేసేను!”

రోజు 137

మా పది అర్జీలు నలభై రోజులు పడుకున్నాయి. విశ్వేశ్వరం గారు మొన్న మా అబ్బులు గారి పొయ్యి పక్కన కూర్చుని ఒక సవరణ రాశాడు. ఒకే అంతస్తులో ఎవరింట్లో తిన్నా సొంతింట్లో తిన్నట్టే అని. ఇవాళ మధ్యాహ్నానికి అది చట్టమైపోయింది. మా పది ఇళ్ళూ మేలుకున్నాయి. సంతోషమే. కానీ మూడు రోజుల్లో అయ్యే పనికి నలభై రోజులు నన్ను మేకుల దగ్గర ఏడిపించినందుకు ఎవరిని అడగాలి? ఈ పుస్తకంలో ఆ గడి కూడా లేదు.

సవరణ వెనక్కి వర్తించదు. రూలు మారిందని ఇచ్చిన ఇల్లు తిరిగి తీసుకోరు. ఆ ముక్క తనే రాశాడు కదా, నోరెత్తలేదు. ఒంటరి మనిషికి ఒక గది చొప్పున ఆయనకి మా అంతస్తులోనే మరమ్మతు కాక ఖాళీగా ఉన్న 1416 ఇచ్చారు. దాని కిటికీ సరిగా మూసుకోదు. ఫిర్యాదు రాయమని నా దగ్గరకొచ్చాడు. రాతపూర్వకంగా ఇవ్వమన్నాను.

రోజు 163

నా ఫిర్యాదుకి కార్యాలయం నుంచి జవాబొచ్చింది. ‘మీరు సూచించిన తేడా వాస్తవమే. సదరు పన్నెండవ వ్యక్తిని హెచ్చరించగలరు.’ విశ్వేశ్వరం గారికి చూపించాను. ఆయన చాలాసేపు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఇప్పుడు కొత్త తలనొప్పి. సువార్త కుటుంబం రోజూ కొండ దిగి, మెట్లెక్కి, మా దగ్గరకే భోజనానికి వస్తోంది. ఆ మూడు గదుల్లో అన్నం పెట్టుకుంటే తినబుద్ధి కావడం లేదట. వాళ్ళది వేరే బ్లాకు, సవరణ వాళ్ళకి వర్తించదు. నెలలో ఇరవై రోజులు మా దగ్గర తింటే ఆ ఇల్లూ నిద్రపోతుంది. నేను చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది. విశ్వేశ్వరం గారు గుమ్మం పక్క గోడ మీద సుద్దతో గీతలు పెడుతున్నాడు. నిన్నటికి పంతొమ్మిది అయ్యాయి.

“రేపు మాత్రం రాకండమ్మా. ఆ ఇంట్లోంచి నేను బయటికి రావడం ఒకెత్తు, మీరు రావడం ఒకెత్తు” అని నిన్న సువార్తకి దణ్ణం పెట్టి మరీ చెప్పాడు. ఆ అమ్మాయి తలూపి, పిల్లల్ని తీసుకుని దిగిపోయింది. వెళ్తూ పెద్దకూతురు రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది.

ఇవాళ సాయంత్రం ఎవరూ కంచాలు తీయలేదు. అబ్బులు గారు అన్నం గుండిగ దించి, మూత మీద గుడ్డ కట్టాడు.

“ఆళ్ళు రాకూడదు గాని, మనం ఎల్లకూడదని ఎక్కడైనా రాసుందేంటండి?” అని విశ్వేశ్వరం గారిని అడిగాడు.

ఆయన తను రాసిన చట్టమంతా కళ్ళు మూసుకుని ఒకసారి గుర్తుచేసుకున్నాడు. “లేదండీ. నెలలో పంతొమ్మిది రోజుల దాకా బయట తినచ్చు” అన్నాడు, ముందుగా పప్పు తపేలా ఎత్తుకుని.

పన్నెండుమందిమి, అయిదు గిన్నెలు, ఒక కంచాల మూట, పద్నాలుగు అంతస్తులు దిగి, ఆ తర్వాత కొండెక్కాలి. నాకు పులుసు గిన్నె వచ్చింది. తొమ్మిదో అంతస్తు దగ్గర ఒలికి చీర పాడయింది. దారంతా అందరినీ తిట్టాను. సువార్త తలుపు తీసి మమ్మల్ని చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. విశ్వేశ్వరం గారు తన పాత ఇంట్లో, ఎప్పుడూ ఒక్కడే బిస్కట్లు తిన్న గదిలో, గోడవారగా కంచాలు పరుచుకుంటూ పోయాడు. పదిహేడయ్యాయి. కప్పు మీద బల్లి టిక్కు టిక్కుమంటూ చాలాసేపు ఆగలేదు.

నీరు: వచ్చింది. లిఫ్టు: పనిచెయ్యడం లేదు. ఫిర్యాదులు: రేపు కూడా అక్కడికే వెళ్దామంటున్నారు.